పది కొబ్బరి చెట్ల లెక్క

సాలూరు ఘాట్ దిగి మైదానంలోకి రాగానే కారులో బోర్డులు చదివే బాధ్యత చేతులు మారింది. భిలాయి నుంచి అంతదూరం వచ్చిందీ కూతురు చదివిన బోర్డుల మీదే. ఇక్కడి నుంచి స్టీరింగు ఆమెదే అయినా చదువు మాత్రం పక్క సీట్లోని తల్లిది. లారీలకు పేరుపడ్డ ఆ ఊళ్లో గ్యారేజీల పేర్లు, టిఫిన్ సెంటర్ల ధరలు, గోడల మీది ఎన్నికల నినాదాలు ఒక్కటి కూడా వదలకుండా ఆమె పైకి చదువుతూ వచ్చారు. తల్లి చదువు శ్రీకాకుళం జిల్లాలో ఎనిమిదో తరగతితో ఆగింది. కూతురు పుట్టిందీ, పెరిగిందీ, ఎంకామ్ దాకా చదివిందీ హిందీ వాతావరణంలో. తెలుగు ధారాళంగా మాట్లాడుతుంది కానీ ఒక్క అక్షరం రాదు. ఏళ్ల తరబడి కరెంటు బిల్లు మొదలు ఆస్పత్రి చీటీ వరకూ కూతురు చదివి చెబితే విన్న తల్లికి ఈ మార్పు సరదాగానే ఉంది. "ఇప్పుడు నువ్వు అడుగు, నేను చెబుతాను" అన్నారామె.

68 ఏళ్ల తల్లిదీ, 42 ఏళ్ల కూతురిదీ క్యాంప్ 2. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో కూలీల కోసం వెలిసిన క్యాంపులే భిలాయిలో పేటలుగా స్థిరపడ్డాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన ఆ ప్లాంటుకు అన్ని రాష్ట్రాల నుంచీ జనం వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవారు వారిలో ఒక పెద్ద గుంపు. ఈ ఇంటాయన 1972లో చేరారు. అంతకు ఏడాది ముందే విశాఖ ఉక్కుకు శంకుస్థాపన జరిగింది. అది పూర్తయి 1992లో జాతికి అంకితమయ్యే నాటికి ఆయనకు భిలాయిలో 20 ఏళ్ల సర్వీసు. "ఇంటి పక్క కొలిమి రాజుకునేసరికి నేను ఇక్కడ సగం కాలిపోయాను" అని ఆయన నవ్వుతూ అనేవారట.

ఆయన 2018 డిసెంబరులో పోయారు. బ్యాంకులో పనిచేసే కూతురికి ఇప్పుడు పుణెకు బదిలీ అయింది. తల్లి ఒంటరిగా ఉండాలి, లేదా పుణె రావాలి, లేదా చుట్టాలున్న విశాఖలో చిన్న ఫ్లాట్ కొనుక్కోవాలి. మూడోదే కూతురి ఉద్దేశం. క్యాంప్ 2 ఇంటికి బేరం కూడా వచ్చింది, కార్తీకం వెళ్లేలోగా మాట చెప్పమన్నారు. "ఒకసారి సముద్రం చూసొచ్చి చెబుతాను" అన్నారు తల్లి.

ఉద్దానంలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న పల్లెలో పుట్టిన మనిషి ఆమె. పెళ్లయ్యాక పుట్టింటికి వెళ్లిందంతా రైల్లోనే. రాయపూర్, రాయగడ, విజయనగరం మీదుగా, మళ్లీ బండి మారి పలాస. పెళ్లికో చావుకో వెళ్లడం, మూడో నాటికి తిరిగిరావడం. 2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి విశాఖకు వందేభారత్ రైలు మొదలైంది, హాయిగా అందులో వెళ్లండని ఇరుగుపొరుగు చెప్పారు కూడా. కానీ రైల్లో వెళితే మధ్యలో ఆగలేరు. దీపావళి దాటగానే తల్లీకూతుళ్లు చిన్న కారులో బయల్దేరారు. కాంకేర్, కేశకాల్ ఘాట్ దాటి రాత్రికి జగదల్‌పూర్, మర్నాడు కొరాపుట్, సాలూరు మీదుగా విశాఖ.

శరత్తు అంటే పుస్తకాల్లో తెల్లటి మబ్బులు, వెన్నెల. ఈ తీరంలో దానికి మరో ముఖం ఉంది. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే ఈ రోజుల్లోనే బంగాళాఖాతం తుపానులను కంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చితక్కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని నేలకూల్చింది. ఈసారి మాత్రం ఆకాశం తేటగా ఉంది. విశాఖ నుంచి భీమిలికి వెళ్లే బీచ్ రోడ్డులో ఒకవైపు కొండలు, మరోవైపు నీలంగా సముద్రం. ఆ రోజు నాగుల చవితి. రోడ్డు పక్క పుట్టల దగ్గర ఆడవాళ్లు పాలు, చిమ్మిలి పట్టుకుని నిలబడ్డారు. తల్లి కారు ఆపించి, ఎవరో ఇచ్చిన చలిమిడి కూతురి నోట్లో పెట్టారు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఇద్దరికీ ఒకే మాట వచ్చింది: దల్లీ రాజహరా. భిలాయి ప్లాంటుకు ముడి ఇనుము పంపిన గనులవి. వేల ఏళ్లపాటు గాలీ నీరూ పోగుచేసిన ఈ ఇసుకకు ఎరుపునిచ్చిందీ ఇనుమే. "మీ నాన్న బట్టలు ఇలాగే ఉండేవి, ఎంత ఉతికినా" అన్నారు తల్లి. భీమిలిలో డచ్చివారి సమాధుల దగ్గర ఆమె ఎక్కువసేపు నిలబడ్డారు. వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన వారివి అవి. "వీళ్లవాళ్లు ఎప్పుడైనా వచ్చి చూసుకుంటారా?" అని అడిగారు. కూతురి దగ్గర జవాబు లేదు. విశాఖ ఫ్లాట్ మాట ఎత్తడానికి ఇదే అదను అనుకుని వచ్చిన ఆమె, ఆ మాట ఎత్తకుండానే కారు తీసింది.

పల్లెలో కారు దిగగానే, "భిలాయప్ప వచ్చింది" అని నాలుగిళ్లకు కబురు పాకింది. అన్నం తిని లేస్తూనే ఆమె అడిగింది తన చెట్ల గురించి. పెళ్లినాడు తండ్రి పసుపు కుంకుమల కింద రాసిచ్చిన పది కొబ్బరి చెట్లు. వాటి రాబడి ఏటా సంక్రాంతికి తమ్ముడు పంపేవాడు, ఈ మధ్యన ఐదేసి వేలు. ఆ డబ్బుతోనే పండక్కి ఆమె అందరికీ బట్టలు కొనేవారు. "ఐదు వేల కోసం మావయ్యకు ఆ శ్రమ దేనికి, వదిలెయ్యి" అని కూతురు చాలాసార్లు అంది. "అది నా పుట్టింటి సొమ్ము" అనేది తల్లి జవాబు.

తమ్ముడు తోట వైపు నడిచాడు కానీ నోరు విప్పలేదు. అక్కడ పది చెట్లు లేవు. మనిషెత్తు దాటిన పది మొక్కలున్నాయి. పాతవన్నీ తిత్లీ రాత్రే పోయాయి. తుపాను వార్త విని అప్పట్లో ఆమె ఫోన్ చేస్తే, మన చెట్లు నిలబడ్డాయనే చెప్పాడు. అంటే ఆరు సంక్రాంతులు అతను లేని చెట్ల కాయలకు లెక్క కట్టి పంపాడు. తన నలభై చెట్లూ కూలి, కొడుకును హైదరాబాద్‌లో కూలి పనికి పంపుకొన్న మనిషి.

"అప్పుడు బావ ఆస్పత్రిలో ఉన్నాడు. దాని మీద ఇది కూడా ఏటి చెప్పమంటావప్పా? తరవాత చెబుదామంటే ఆ తరవాత రానేలేదు" అన్నాడు.

"మరి డబ్బులో?"

"చెట్లు నీవి. కూలిపోనాయని లెక్క ఎగ్గొడతానా?"

బ్యాంకు ఉద్యోగి అయిన కూతురు మనసులో కూడికవేసింది. ఆరైదులు ముప్పై వేలు. వదిలెయ్యమన్న తన మాట గుర్తొచ్చి తలెత్తలేకపోయింది. తల్లి మాత్రం ఏడవలేదు. ఒక్కో మొక్కనూ ముట్టుకుని లెక్కపెట్టారు. ఏ చెట్టు స్థానంలో ఏది పెట్టావని అడిగారు. మూడో చెట్టు నీళ్లు తియ్యగా ఉండేవి, దాని చోటు ఏదని వెతికారు. మర్నాడు కూతురి చేత ముప్పై వేలు తీయించి తమ్ముడి ముందు పెడితే అతను చెయ్యి చాపలేదు. చాలాసేపు గింజుకున్నాక, అతని తోటలో ఇంకా ఖాళీగా ఉన్న గోతులకు మొక్కలు కొనే షరతు మీద తీసుకున్నాడు.

ఆ ఉదయమే కార్తీక స్నానానికి సముద్రానికి వెళ్లారు. మోకాళ్ల నొప్పులతో క్యాంప్ 2లో సందు చివరి దుకాణానికి కూడా తోడు అడిగే మనిషి, చీర కుచ్చిళ్లు దోపి నడుములోతుకు దిగిపోయారు. గట్టున నిలబడిన కూతురిని చెయ్యి పట్టి లాగారు. "అలకు ఎదురుగా నిలబడకు. పక్కకు తిరుగు. అది వెళ్లిపోయాక ఊపిరి తీసుకో." ఈ మాటలు చెబుతున్నది తనకు తెలిసిన అమ్మ కాదనిపించింది కూతురికి. ఈ ఒడ్డున పెరిగిన ఆ పిల్లను ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో కారు మళ్లీ సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుండగా కూతురే కదిపింది, బేరానికి వచ్చినవాళ్లకు ఏం చెప్పాలని.

"వద్దని చెప్పు" అన్నారు తల్లి. "ఊళ్లో నన్నేమని పిలిచారో విన్నావు కదా, భిలాయప్ప. ఆ ఇల్లు అమ్మేశాక నన్ను ఏ ఊరి అప్ప అంటారు?"

ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారన్న ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. పక్కింటి వాళ్లున్నారంది. కూతురు ఒప్పుకోలేదు, వాదించనూ లేదు. ఏడాది చూద్దామని మాత్రం అంది.

కొంతదూరం పోయాక తల్లే మళ్లీ అన్నారు: "ఇంకో రెండేళ్లకు ఆ మొక్కలు కాపుకొస్తాయట. వాణ్ని డబ్బు పంపొద్దన్నాను. లెక్క నేనే వచ్చి చూసుకుంటాను. నువ్వు సెలవు పెట్టుకో."