బొచ్చును బట్టి బుకింగ్

కొండాపూర్‌లో ఒక అపార్టుమెంటు కింద రెండు షట్టర్ల పెట్ గ్రూమింగ్ దుకాణం అది. ముందు గదిలో కౌంటరు, కూర్చోడానికి రెండు బల్లలు. అద్దాల తలుపు వెనక స్టీలు టబ్బు, రెండు గ్రూమింగ్ టేబుళ్లు, గోడకు బిగించిన బ్లోయరు. పనిచేసేది ముగ్గురే: దుకాణం నడిపే ఆవిడ, ఇద్దరు గ్రూమర్లు. ఇన్నాళ్లూ అపాయింట్‌మెంట్లన్నీ ఒక పొడుగాటి రిజిస్టరులోనూ, ఆవిడ వాట్సాప్‌లోనూ నడిచాయి. ఇప్పుడు బుకింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకోబోతున్నారని తెలిసి, ఎలా ఎంచుకుంటారో దగ్గరుండి చూద్దామని ఆదివారం పొద్దున్నే వెళ్లాను. వారం మొత్తం రద్దీ అక్కడ ఆదివారమే ఉంటుంది.

ముందు రిజిస్టరు తిరగేశాను. యజమానుల పేర్లు చాలాచోట్ల లేనే లేవు. ఫోన్ నంబరు, పక్కన జంతువు పేరు, ఆ పక్కన ఒక ముక్క. 'లడ్డూ, షిట్జూ, ఫుల్, చెవి ముట్టుకుంటే కరుస్తాడు.' 'బ్రూనో, ల్యాబ్, 12 ఏళ్లు, ఎక్కువసేపు నిలబడలేడు.' 'పెర్షియన్ పిల్లి, కుక్కలు రాకముందే తెమ్మనాలి.' టైము రాసిన గడి కంటే ఈ చివరి గడిలోనే అక్షరాలు ఇరుకిరుగ్గా ఉన్నాయి. అక్కడి పనితనమంతా ఆ గడిలోనే ఉందని మధ్యాహ్నానికల్లా అర్థమైంది.

పదకొండింటికి ఒక షిట్జూ వచ్చింది. 'బాత్, హెయిర్‌కట్' అని ముందురోజు వాట్సాప్‌లో అడిగితే గంటన్నర ఇచ్చారు. పైకి చూస్తే మెత్తగా, శుభ్రంగా ఉంది. గ్రూమరు కుర్రాడు దాన్ని టేబుల్ ఎక్కించి, చెవి వెనక స్టీలు దువ్వెన పెట్టాడు. అర అంగుళం కూడా దిగలేదు. చెవుల వెనక, చంకల్లో, మెడపట్టీ కింద బొచ్చు చర్మానికి అంటుకుపోయి ఉండలు కట్టింది. "అక్కా, గంటన్నరల గాదు. రెండున్నర వడ్తది" అని లోపలినుంచే చెప్పాడు.

ఆ అదనపు గంట ఎందుకు కావాలో పక్కన నిలబడి చూశాను. ఉండలు తీయకుండా నీళ్లు పోస్తే అవి ఇంకా బిగుసుకుంటాయి. కాబట్టి స్నానానికి ముందే తీయాలి. కత్తెర పెట్టడానికి లేదు. ఉండను లాగితే దాంతోపాటు చర్మమూ పైకి లేస్తుంది, బొచ్చు ఎక్కడ అయిపోయిందో చర్మం ఎక్కడ మొదలైందో కంటికి ఆనదు. 10వ నంబరు బ్లేడు వేసిన క్లిప్పరును చర్మానికి ఆనించి, ఉండ కిందుగా మెల్లగా పోనివ్వాలి. తిరిగేకొద్దీ బ్లేడు వేడెక్కుతుంది. ఆ కుర్రాడు మాటిమాటికీ దాన్ని తన మణికట్టుకు ఆనించి చూసుకున్నాడు, వేడి తగలగానే ఆపి ఇంకో బ్లేడు మార్చాడు. కుక్క విసుక్కున్నప్పుడు కిందికి దించి కాసేపు తిరగనిచ్చాడు. ఇందులో ఎక్కడ తొందరపడ్డా గాటు పడుతుంది, లేదా చర్మం కాలుతుంది. రెండూ తప్పినా, ఆ కుక్క మళ్లీ టేబుల్ ఎక్కమంటే బెదురుతుంది.

ఈలోగా పన్నెండున్నర స్లాటు తీసుకున్న ముసలి ల్యాబ్ వచ్చి ముందు గదిలో గచ్చు మీద కూలబడింది. కీళ్ల నొప్పులున్న కుక్క. ఆవిడ దాని యజమానికి నచ్చజెప్పి సాయంత్రానికి మార్చారు. "షిట్జూవాళ్లను అని లాభం లేదన్నా. మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు" అన్నారు నాతో.

గ్రూమింగ్ దుకాణానికి బుకింగ్ సిస్టమ్ ఎందుకో ఆ మాటలోనే ఉంది. ఖాళీ గంట చూపించి నొక్కమనడం ఏ క్యాలెండరైనా చేస్తుంది. గంట ఇచ్చేముందు కుక్క గురించి అడగవలసినవన్నీ అడిగేదే ఇక్కడ పనికొస్తుంది.

మూడింటికి కాస్త తెరిపి దొరికాక కౌంటరు మీద ల్యాప్‌టాప్ తెరిచారు. ఆవిడ పరీక్ష పద్ధతి నాకు బాగా నచ్చింది. మూడు సాఫ్ట్‌వేర్లను ఉచిత ట్రయల్ మీద తీసుకుని, కిందటి ఆదివారం రిజిస్టరు పేజీని ఉన్నదున్నట్టు మూడింటిలోనూ ఎక్కించారు.

మొదటిది అమెరికాలో గ్రూమర్ల కోసమే తయారైంది. జాతి, బరువు, బొచ్చు తీరు, టీకా గడువు అన్నీ అడుగుతుంది, వాటిని బట్టి టైము లెక్కగడుతుంది. కానీ దాని ఏర్పాట్లు ఆ దేశపు అలవాట్ల మీద నిలబడ్డాయి. కస్టమరు కార్డు వివరాలు దాచుకుని, రాకపోతే రుసుము కోసుకోవడం అక్కడ మామూలు. మన దగ్గర 2022 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం దుకాణాలు కార్డు నంబర్లు దాచుకోకూడదు. ఎస్ఎంఎస్ రిమైండర్లకూ చిక్కే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల కింద, పంపేవారి పేరుగా కనిపించే హెడరూ మెసేజ్ టెంప్లేటూ టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో ముందే నమోదై ఉండాలి. దానికితోడు నెలనెలా డాలర్లలో చందా.

రెండోది మన దేశంలో మనుషుల సెలూన్ల కోసం చేసింది. యూపీఐ, జీఎస్టీ బిల్లు చక్కగా ఉన్నాయి. అయితే అందులో ఒక ఫోన్ నంబరంటే ఒక మనిషి. ఒకే ఇంటి నుంచి గోల్డెన్ రిట్రీవరు, పెర్షియన్ పిల్లి వస్తే రెండూ ఒకే ఖాతాలో కలిసిపోయాయి.

మూడోది ఏ వ్యాపారానికైనా సరిపెట్టుకోగల సాదా బుకింగ్ పేజీ. జోహో బుకింగ్స్ లాంటివి ఈ కోవలోవే. ఇందులో ప్రశ్నలు మనమే రాసుకోవచ్చు, సర్వీసుకో నిడివి పెట్టుకోవచ్చు, రెండు అపాయింట్‌మెంట్ల మధ్య విరామం ఉంచుకోవచ్చు. కస్టమరు పంపింది విన్నపంగా వస్తుంది, దుకాణం ఒప్పుకున్నాకే ఖాయమవుతుంది. ఆవిడ దీన్నే ఎంచుకున్నారు.

ప్రశ్నలు ముగ్గురూ కూర్చుని రాశారు. జాతి, వయసు, బరువు. చివరిసారి ఎప్పుడు దువ్వారు? రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు? పిడుదులున్నాయా? ఎక్కడ ముట్టుకుంటే కోపం? చెవి వెనక బొచ్చు విడదీసి తీసిన ఒక ఫొటో మాత్రం వాట్సాప్‌లో పంపాలి. ఆ ఒక్క ఫొటో ఉంటే ఇవాళ్టి షిట్జూకు గంటన్నర ఇచ్చేవారు కాదు. 'బొచ్చు పూర్తిగా గొరిగించాలా?' అన్న ప్రశ్న కుర్రాడి సలహా. ఎండాకాలం హస్కీలకు గుండు కొట్టమని అడిగేవాళ్లుంటారట. వాటి రెండు పొరల బొచ్చు ఎండ నుంచీ వాటిని కాపాడుతుందని, లోపలి పొర దువ్వి తీస్తే చాలని ముందుగానే ఫోన్‌లో చెప్పవచ్చు.

వరస కూడా కట్టారు. పిల్లులకు తొలి స్లాట్లు, బ్లోయరు మోత మొదలవకముందే. పిడుదులున్న కుక్కకు ఆఖరి స్లాటు, ఆపైన గదీ టబ్బూ కడుక్కోవచ్చు. ముసలి కుక్కకు మధ్యలో విశ్రాంతి కలిపి టైము. బుకింగ్ ఖాయం కావాలంటే యూపీఐలో రెండు వందలు అడ్వాన్సు, ముందురోజులోగా రామని చెబితే వాపసు. చివరగా, కస్టమర్ల జాబితాను ఎక్సెల్‌లో దించుకోవచ్చో లేదో చూశారు. రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారాలంటే ఇన్నేళ్ల రిజిస్టరు అందులో చిక్కుకుపోకూడదు కదా.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. ట్రయల్‌లో ఖాళీ క్యాలెండరు ఎవరిదైనా అందంగానే ఉంటుంది. మీకు ఊపిరాడని రోజు పేజీ తీసి అందులో పెట్టండి. మనిషికి సెలూన్లో ఆలస్యమైతే విసుక్కుంటాడు, లేచి వెళ్లిపోతాడు. కుక్క టేబుల్ మీద పట్టీకి కట్టేసి ఉంటుంది, మన లెక్క తప్పితే ఆ తొందరంతా దాని ఒంటి మీదే పడుతుంది. అందుకే సాఫ్ట్‌వేర్ ఎంపికను నేను కంప్యూటరు తెలిసినవాళ్లకు వదిలేయమనను. టేబుల్ దగ్గర దువ్వెన పట్టుకుని నిలబడేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లు సరేనన్నదే తీసుకోమంటాను.