విశాఖతీరమందలి సముద్రపుష్పములు

విశాఖపట్టణమునకు పోవువారు కైలాసగిరిని, రామకృష్ణా బీచిని చూచి మరలివచ్చుట పరిపాటి. భీమునిపట్టణపు దారిలో బండలు సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన తావులు పెక్కు కలవు. వానిని నిలిచి చూచువారు తక్కువ. అమావాస్యకును పౌర్ణమికిని ఆటుపోటులు మిక్కుటముగా నుండును గనుక, ఆ దినములలో నీరు బాగుగా వెనుకకు తీసి, బండల నడిమి గుంటలు బయల్పడును. మోకాలిలోతైన లేని ఆ నీటిలో పీతలు, నత్తలు, చిఱుచేపలు, వానితోపాటు సముద్రపుష్పములును కనబడును. ఇంగ్లీషువారు వీనిని సీ అనిమోనులందురు.

సంక్రాంతి సెలవులకు మేము మా మఱదిగారింటికి పోయియుండగా, పౌర్ణమి మరునాడు పాటువేళ తెలిసికొని పిల్లలతో అచ్చటికి వెళ్లితిమి. నీటి వెలుపల చిక్కిన పుష్పము గవ్వతునుకలంటిన మెత్తని ముద్దవలె నుండును. నీటిలోనున్నది చేమంతివలె విచ్చుకొని యుండును. పేరు పుష్పమే కాని యిది జంతువు. మనకు రేకులుగా తోచునవి దాని చేతులు. వానిలో కంటికానని విషపు ముండ్లుండును. దగ్గఱకు వచ్చిన చిన్న రొయ్యను వానితో స్తంభింపజేసి, నడుమనున్న నోటికి అందించును. తిన్నదానిలో మిగిలిన పిప్పిని ఆ నోటనే వెలికి గ్రక్కును. దీనికి మెదడు లేదు. నరముల వల మాత్రము కలదు.

మా చిన్నవాడు ఆలిచిప్పతో ఒకదానిని పెకలించి సీసాలో వేసికొందునని మారాము చేసెను. నా తోడికోడలు వాని చేయి పట్టుకొని, "వద్దు నాయనా, దాని పాదము బండను కఱచుకొని యుండును. లాగితివా చిరుగును. ఇంటికి రా, ఇంతకంటె పెద్దదానిని చూపెదను" అని బుజ్జగించెను.

ఆమె తన ముందుగదిలో రెండువందల లీటర్ల గాజుతొట్టిలో ఉప్పునీటిని నింపి సముద్రజీవులను పెంచుచున్నది. ఆ నీటికి వంటయుప్పు పనికిరాదు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల చొప్పున దీనికై అమ్ము ప్రత్యేకమైన ఉప్పును కలుపవలెను. నీరు ఆవిరియైనపుడు మంచినీరే పోయవలెనట. ఇగిరిన చారు ఉప్పెక్కునట్లు తొట్టినీరును ఉప్పెక్కునని ఆమె చెప్పగా నాకు వెంటనే బోధపడినది. నీటిని కదలించుటకు పంపు కలదు. 1846లో లండనులో ఆనా థిన్ అను ఇల్లాలు టార్కీ తీరమునుండి పవడపు జీవులను తెచ్చి యింట పెంచినపుడు పంపు లేదు. నీటికి గాలి సోకుటకై దాసి కిటికీయొద్ద నిలిచి, దానిని ఒక పాత్రనుండి మఱియొక పాత్రకు పోయుచుండెడిదట.

తొట్టిలోని పుష్పము బబుల్ టిప్ అను జాతిది. దాని చేతుల కొనలు బుడగలవలె ఉబ్బియుండును. దాని శరీరములో సూక్ష్మమైన నాచు వసించి, వెలుతురుతో ఆహారము సిద్ధపఱచి దానికిచ్చును. అందుచేత తొట్టికి బలమైన దీపము కావలెను. ఆ మరునాడు నా తోడికోడలు దానిని రెండుగా కోయబూనెను. నా మనస్సు కలతపడినది.

"చెల్లీ, ప్రాణమున్నదానిని అందముకొఱకు కోయుట తగునా?" అంటిని.

"అక్కయ్యా, ఈ జాతి తనంత తానే నిలువున చీలి రెండగును. నాకును ఇది వేఱొకరింట కోసిన ముక్కగానే వచ్చినది, సముద్రమునుండి కాదు" అని ఆమె బదులు పలికెను.

మెదడు లేనిదానికి బాధ లేదని తేల్చి చెప్పుటకు నాకు నోరు రాలేదు. తాకినంతనే ముడుచుకొనుచున్నది కదా! అయినను నిలిచి చూచితిని. చేతులకు తొడుగులు వేసికొని, పుష్పమును రాతినుండి మెల్లగా విడదీసి, తొట్టినీటితో తడిపిన పలకపై నుంచి, క్రొత్త బ్లేడుతో నోటిమీదుగా ఒక్క వేటున కోసెను. రెండు ముక్కలకును నోటిలో కొంత, పాదములో కొంత రావలెనట. బాగుగా తిని, గట్టిగా అంటుకొనియున్నదానినే కోయవలెను. క్రొత్తగా తెచ్చినదానిని, పాలిపోయినదానిని ముట్టరాదు. అన్ని జాతులును ఈ కోతకు తాళజాలవు.

ముక్కలను తూట్లుగల డబ్బాలలో నుంచి అదే నీటిలో వ్రేలాడదీసెను. కోసిన అంచులు లోనికి చుట్టుకొని ఒకదానితో నొకటి కలియసాగెను. ఒక ముక్క మూడవనాడే డబ్బా నంటుకొనెను. రెండవది ఐదు దినములు వదులుగా పడియుండెను. నా తోడికోడలు ఉదయము, సాయంకాలము దానిని వాసన చూచుచుండెను. కుళ్లినదానిని తక్షణమే తీసివేయనిచో తొట్టిలోని జీవులన్నిటికిని ముప్పు. ఆఱవనాడు అదియు కాలూనగా ఇల్లంతయు సంతసించినది. పండ్రెండవనాటికి రెండింటికిని నోళ్లు గుండ్రనైనవి. అంతవఱకు ఆహారము పెట్టకుండిన ఆమె, అపుడు చిన్న రొయ్యతునుక నందించెను.

ఇంత శ్రమ యేల, ఒడ్డున ఊరక దొరకునవి లేవా యని కొందఱడుగవచ్చును. 1828లో స్కాట్లండునందలి నార్త్ బెర్విక్ తీరమునుండి జాన్ డాలియెల్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఒక సముద్రపుష్పమును తెచ్చి గాజుపాత్రలో పెంచెను. 1851లో ఆయన గతించెను. అది చేతులు మారుచు 1887 వఱకు జీవించి, అవ్వ యని అర్థమిచ్చు గ్రానీ యను పేరుతో ప్రసిద్ధి కెక్కెను. తెచ్చిన పిదపనే 59 ఏండ్లు బ్రదికిన ప్రాణి యది! ఇట్టిదానిని బండనుండి పెకలించుట నేడు కోసిన రేపు పూయు మల్లెను కోయుట వంటిది కాదు. పవడపు దిబ్బలలో క్లౌన్ చేపలు పుష్పముల చేతుల నడుమనే కాపురముండును. పుష్పమును తీసికొనిపోయినచో వానికి ఇల్లు లేకపోవును.

కావున సోదరీమణులారా, ఈ వేడుకయందు మనసుగలవారు పొరుగింటినుండి పెరుగునకు తోడు తెచ్చుకొన్నట్లు, ఇంట పెంచినవారియొద్దనే ముక్కను అడిగి తెచ్చుకొనుడు. ఎక్కువైనవానిని ఇంకొకరి కిండు. దూరసముద్రపు జీవులు గనుక వానిని మన తీరమున మాత్రము విడువకుడు. మేము బయలుదేరిన దినమున ఆ రెండవ ముక్క ఉప్పునీటి సంచిలో, వీధి చివర క్రొత్తగా తొట్టి పెట్టిన ఇల్లాలి యింటికి చేరినది.