వీధి వంటశాలయు మన యారోగ్యమును

ఫాస్ట్ ఫుడ్ అను మాట ఇంగ్లీషుదే యైనను మన పట్టణములలో దాని యర్థము వేఱు. అమెరికా వారికి ఆ మాట వినినతోడనే బర్గరు తోచును. మనవారికో, సాయంకాలమున బండిమీద గ్యాసుపొయ్యి రగిల్చి, పెద్ద మూకుడులో గరిటె మ్రోయించుచు ఫ్రైడ్ రైసును నూడుల్సును వేయించి యిచ్చు స్థలము తోచును. మన విద్యార్థులలో ఈ స్థలముల నెఱుగనివారు లేరు. ఉపాధ్యాయులలోను లేరనుట సత్యమునకు సమీపముగ నుండును. కావున ఈ వ్యాసమును పెద్దల మందలింపుగా నెంచవలదు. ఆ వంటకములు రుచిగానే యుండును. పది నిమిషములలో వేడివేడిగా చేతికి వచ్చును. అయితే ఆ పది నిమిషములకు పూర్వము ఆ యన్నము ఎన్ని గంటలు ఎచ్చట నుండెనో తినువాడెఱుగడు. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఆ గంటలను గూర్చియే.

ఫ్రైడ్ రైసునకు అప్పుడే వండిన యన్నము పనికిరాదు, ముద్దయగును. అందుచేత మధ్యాహ్నమే వండి, పళ్లెములలో పోసి, చల్లార్చి, పొడిపొడిగా నుంచుకొందురు. బియ్యములో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొక్క సిద్ధబీజములు తఱచుగా నుండును. ఇవి అన్నము ఉడికినను చావవు. అన్నము గోరువెచ్చగా గంటలకొలది నిలిచినపుడు అవి మొలకెత్తి, వృద్ధిపొంది, యొక విషమును పుట్టించును. ఆ విషము రాత్రి మూకుడు క్రింది మంటకును నశింపదు. తిన్నవానికి కొలది గంటలలోనే వాంతులు ప్రారంభమగును. ఇంగ్లండులో చైనా భోజనశాలల ఫ్రైడ్ రైసు తిన్నవారియందు వైద్యులు దీనిని 1971లో గుర్తించిరి.

మేము ఎనిమిదవ తరగతి వారికి ఘాతాంకములు చెప్పునపుడు ఈ లెక్క నిచ్చితిమి. అనుకూలమైన వేడిమిలో 20 నిమిషముల కొకసారి రెట్టింపగు సూక్ష్మజీవి యొక్కటి మధ్యాహ్నము 12 గంటలకు అన్నములో నున్నచో, సాయంకాలము 7 గంటల కెన్ని యగును? ఇరువదియొక్క రెట్టింపులు, ఉత్తరము 20,97,152. ఒక బాలుడు తన పలక తప్పు చెప్పుచున్నదని తలచి రెండు మారులు చెరిపి చేసెను. 5 డిగ్రీల సెంటీగ్రేడునకును 60 డిగ్రీలకును నడుమనున్న వేడిమియే వీనికి అనుకూలము. అనగా ఆహారము మిక్కిలి చల్లగానైనను ఉండవలయును, మిక్కిలి వేడిగానైనను ఉండవలయును. బల్లమీద ఊరక పడియుండుటయే చెడుగు. ఇశ్రాయేలీయులు మన్నాను మరునాటికి మిగుల్చుకొనగా పురుగుపట్టి కంపుకొట్టిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకును తెలియును. పురుగుపట్టుటయే మేలు, కంటికి కనబడును, ముక్కునకు తెలియును. ఈ విషమునకు వాసన లేదు.

పెద్ద సంస్థలు, మెరయు గోడలు గల భోజనశాలలు ఈ యపాయమునకు అతీతములని కొందఱు తల్లిదండ్రులు తలంతురు. వారికొఱకు 1993 జనవరిలో అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున బయలుపడిన సంగతి చెప్పుచున్నాము. జాక్ ఇన్ ది బాక్స్ అను సంస్థ భోజనశాలలలో బర్గరులు తిన్నవారు, నాలుగు రాష్ట్రములలో 700 మందికి పైగా వ్యాధిగ్రస్తులైరి. నలుగురు పిల్లలు మరణించిరి. ఇ. కోలి జాతిలో O157:H7 అను పేరుగల సూక్ష్మజీవి దీనికి కారణము. ఇది పసిపిల్లల మూత్రపిండములను చెఱచును. మాంసపు ముక్కయైనచో సూక్ష్మజీవులు పైభాగముననే యుండి మంటకు చచ్చును. కైమా కొట్టినపుడో, పైనున్నవి లోపలికి కలిసిపోవును. అందుచేత నడుమ భాగము సయితము చక్కగా ఉడుకవలయును. ఆ రాష్ట్రపు నియమము 155 డిగ్రీల ఫారన్‌హీటు వేడిమిని కోరుచుండగా, ఆ సంస్థ 140 డిగ్రీలతో తృప్తిపడెను. పదునైదు డిగ్రీల భేదము! నేల యెంత తుడిచినను ఈ లోపము కనబడదు. ఉష్ణమాపకము గ్రుచ్చి చూచిననే తెలియును. 1994లో ఆ దేశ ప్రభుత్వము, ఈ సూక్ష్మజీవి గల పచ్చి కైమాను కల్తీ సరకుగా నెంచి అమ్మకమును నిషేధించినది.

మన హైదరాబాదునందు 2024 అక్టోబరులో మోమోలు తిన్న పలువురు జబ్బుపడిరి. ఒక స్త్రీ మరణించెను. ఆ నెల 30వ తేదీన తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్లతో చేసిన మయొనైజును ఒక సంవత్సరము నిషేధించినది. మయొనైజు వండునది కాదు. గ్రుడ్డును నూనెతో చిలికి చేయునది. గ్రుడ్డులో సాల్మొనెల్లా యున్నచో దానిని చంపుటకు అచ్చట మంటయే లేదు. ఆ తెల్లని ముద్దను ఎండలో నిలువయుంచి రాత్రివఱకు వడ్డించుట యెట్టిదో ఆలోచింపుడు.

గడచిన క్రిస్మసు సెలవులలో మా పాత విద్యార్థి యొకడు మమ్ము చూడవచ్చెను. ఒక నగరములోని వంటశాలలో కూరగాయలు తఱుగుటకును కోడిమాంసము కడుగుటకును కుదిరినాడు. బడిలో ఆరోగ్యశాస్త్రమునందు మంచి మార్కులు తెచ్చుకొన్నవాడే. పచ్చి మాంసము కోసిన పలకమీదనే ఉల్లికాడలు తఱుగుదురనియు, ఒక్క గుడ్డతోనే కత్తిని, బల్లను, చేతులను తుడుతురనియు, చేతులు కడుగు తొట్టిలో ఎల్లప్పుడు ఎంగిలి పళ్లెములు పడియుండుననియు చెప్పెను. “నీ వెఱుగుదువు గదా, ఏల ఊరకుంటివి?” అని యడిగితిమి. వాడు తలవంచుకొని, తనకు రెండు దినములు విరేచనములైనపుడు సయితము పనిచేసితిననెను. “సెలవు పెట్టిన రోజుకు కూలి లేదు మాస్టారూ. మూడు రోజులు రాకపోతే ఇంకొకడిని పెట్టుకొందురు. నెలనెలా ఇంటికి పంపవలెను గదా” అనెను. వాని తల్లి మా వీథిలోనే యున్నది. ఆ డబ్బుతోనే చెల్లెలి బడి జీతము కట్టుచున్నదని మేమెఱుగుదుము.

ఆహారము తాకు పనివాండ్రకు సంవత్సరమున కొకమారు వైద్యపరీక్ష జరుపవలెనని మన దేశ నియమము. వానికిని ఆ పత్రము గలదు. జూనులో వ్రాసిన పత్రము డిసెంబరు విరేచనముల నాపజాలునా? జబ్బుపడిన దినమున కూలితో ఇంట నుండనిచ్చుట వేయి ప్రకటన పలకలకంటె మేలని మా దృఢమైన యభిప్రాయము. వంటవాని గోళ్లను చూచి అసహ్యపడువారము, వాని యజమాని లెక్కపుస్తకమును చూడము.

చేతుల మాట వచ్చినది గనుక ఒక చిన్న సంగతి. వసతిగృహములో చేతులు కడుగుకొనుడని చెప్పగా ఒక చమత్కారి మార్కు సువార్త 7వ అధ్యాయమును తెఱచి, శిష్యులు కడుగని చేతులతో భుజించిరి గదా యనెను. ప్రభువు అచ్చట పెద్దల యాచారమును గూర్చి మాటలాడెను గాని సూక్ష్మజీవులను గూర్చి కాదని చెప్పి, లేఖనజ్ఞానమునకు మెచ్చుకొని, వానిని కుళాయి యొద్దకే పంపితిమి.

కొనువారు చూడదగినవి కొన్ని కలవు. అనుమతి పొందిన దుకాణమున 14 అంకెల సంఖ్య వ్రేలాడవలెను. నల్లబడి నురుగుక్రక్కు నూనెలో వేయించినది తినరాదు. వార్తాపత్రికలో బజ్జీలు చుట్టుట తగదు. సిరా తైలముతో గలిసి ఆహారమున కంటును. ఈ సంగతులు ఇండ్లలోను వర్తించును గావున తల్లులు క్షమింతురుగాక.

మా పాఠశాల ద్వారమున కెదురుగా బండి నడుపునాయనతో మేము నలుగురు ఉపాధ్యాయులము పోయి మాటలాడితిమి. కోపించునని భయపడితిమి గాని ఆయన శాంతముగా విని, “రిఫ్రిజిరేటరు కొనుటకు నాకు శక్తి లేదు. అన్నము రెండు మారులు వండమందురా, గ్యాసు ఖర్చగును, అయినను వండెదను. నీళ్లు మాత్రము నాకెవరిత్తురు? రెండు డబ్బాలతో రాత్రి పది గంటలవఱకు నెట్టుకొనవలెను” అనెను. మాలో నెవరికిని వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. తరువాత ప్రధానోపాధ్యాయుల యనుమతితో ప్రహరీగోడ ప్రక్కనున్న కుళాయిని ఆయన వాడుకొనుటకు ఏర్పాటైనది. ఇప్పుడు అన్నము మధ్యాహ్నమున కొంచెమును, ఆఱు గంటలకు కొంచెమును వండుచున్నారు. కుళాయి యొద్ద నుంచిన సబ్బు మొదటి వారములోనే రెండు మారులు మాయమైనది. మూడవదానిని రంధ్రము చేసి త్రాటితో కట్టినారు.