మూత మీద నిప్పులు

దిబ్బరొట్టె మీద నిప్పులు పెట్టడం మా మేనత్త ఎప్పుడో మానేసిందట. ఆ సంగతి నాకు టెక్సాస్‌లో తెలిసింది.

అత్తయ్య, మామయ్య పాలకొల్లు నుంచి హ్యూస్టన్‌లో వదిన దగ్గరికొచ్చారు. దసరా వెళ్లిన శనివారం అందరూ కలిసి మా ప్లేనోకి బయల్దేరారు. నాలుగు గంటల ప్రయాణం. బండెక్కామని ఫోన్ రాగానే గ్లాసు మినపగుళ్లు నానబోసి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కొలిచి పెట్టాను. వాళ్లు గుమ్మంలోకొచ్చేసరికి పప్పు రుబ్బుకి సిద్ధంగా ఉంటుంది. అత్తయ్య చేత దిబ్బరొట్టె కాల్పించాలని నా ఎత్తు. "పెద్దావిడ రాగానే పని చెప్తారా ఎవరైనా?" అని మా ఆవిడ విసుక్కుంది.

చిన్నప్పుడు సెలవులకి వాళ్లింటికెళ్తే సాయంత్రం వసారాలో కుంపటి రాజేసేది. ఇనప మూకుట్లో నూనె పోసి, ఇడ్లీ పిండికన్నా గట్టిగా ఉన్న పిండిని మందంగా పరిచి, పైన ఇత్తడి పళ్లెం మూసి, దాని మీద కొబ్బరిచిప్పల నిప్పులు పోసేది. కిందా పైనా సెగ తగిలి రెండు వైపులా ఎర్రటి పెచ్చు కట్టేది. లోపల మెత్తన. ఆ పెచ్చు కోసం వదినా నేనూ కొట్టుకునేవాళ్లం. నంజుకి చెరుకు పానకం, అది చాలదన్నట్టు ఓ ఆవకాయ బద్ద.

"నిప్పులేంట్రా! గ్యాసొచ్చాక ఆ బూడిద ఎవడెత్తుతాడు?" అంది అత్తయ్య, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని. "నాన్‌స్టిక్ మూకుట్లో పోసి, సిమ్‌లో పెట్టి మూతేస్తాను. ఓపిక లేనినాడు పిండి కూడా ప్యాకెట్టే."

ప్యాకెట్ పిండి, పాలకొల్లులో! నేనేమో ఇక్కడి 110 వోల్టులకి పనికొచ్చే గ్రైండర్ వెతికి మరీ కొన్నాను.

దేశం దాటినవాళ్లకి ఇదో జబ్బు. ఊరొదిలిన ఏడు అక్కడ ఏం వండుకున్నారో అదే అసలైన వంటని మన లెక్క. అక్కడివాళ్లు హాయిగా మార్చుకుంటూ పోతుంటారు. 2023 జులైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులు ఆపేసినప్పుడు ఇక్కడి తెలుగువాళ్లం సోనామసూరి బస్తాల కోసం దుకాణాల మీద పడ్డాం. మా వీధిలో కార్లు బయటికొచ్చి గ్యారేజీల్లోకి బియ్యం వెళ్లాయి. ఆ రోజుల్లోనే అత్తయ్య ఫోన్లో, షుగర్ వల్ల రాత్రిళ్లు పుల్కాలకి మారామని చెప్పింది.

అయినా నాకు పంతం పట్టింది. టెక్సాస్‌లో నిప్పులకి కొదవేంటి? పశువుల మందల్ని వందల మైళ్లు తోలుకెళ్లే కౌబాయ్‌ల తిండి కోసం 1866లో చార్లెస్ గుడ్‌నైట్ అనే ఆసామి ఓ పాత సైన్యం బండిని వంటబండిగా మార్చాడు. అలాంటి బండ్లలో వాడిన గిన్నె డచ్ అవెన్. మందపాటి పోత ఇనుము, కింద మూడు కాళ్లు, మూత చుట్టూ గట్టు. మూత మీద పోసిన నిప్పులు జారకుండా ఆ గట్టు. 2005లో శాసనసభ దీన్ని టెక్సాస్ అధికారిక వంటపాత్రగా కూడా ప్రకటించింది. శాసనసభలు ఇలాంటి పనులు చేసుకుంటుంటే ఎవరికీ బాధ ఉండదు.

గ్యారేజీలోంచి ఆ గిన్నె తెస్తే మామయ్య అటూ ఇటూ తిప్పి చూశాడు. "మన మూకుడేరా. కాళ్లొచ్చాయంతే."

పన్నెండంగుళాల గిన్నెకి అడుగున 9 బొగ్గులు, మూత మీద 15 అని ఇక్కడి వాళ్ల లెక్క. పెరట్లో నేను ఒక్కోటీ లెక్కపెట్టి పేరుస్తుంటే, "బొగ్గులకి కూడా హాజరు వేస్తావేంట్రా?" అంటూ అత్తయ్య కుర్చీలోంచి లేచొచ్చి పట్టకారు లాక్కుంది. మధ్యలోవి అంచులకి జరిపింది, అడుగున రెండు తీసేసింది. ఇక లెక్క లేదు, వాసనే. మాడు వాసనకి ఓ క్షణం ముందు వచ్చే కమ్మటి వాసనొకటుంది, అది రాగానే దించమంది.

ఈలోగా లోపల ఇంకో గొడవ. కొబ్బరి పచ్చడి పోపుకని అత్తయ్య మా కుండీలో కరివేపాకు కొమ్మ పుటుక్కున విరిచింది. మా ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. ఇండియా నుంచి పచ్చి ఆకు తేవడానికి లేదు. నిమ్మజాతి చెట్లకి గ్రీనింగ్ తెగులు అంటించే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది. 2012లో ఆ తెగులు టెక్సాస్‌లోనూ బయటపడింది. పైగా మా మొదటి మొక్క 2021 ఫిబ్రవరి మంచు తుపానుకి పోయింది. ఇప్పుడున్నదాన్ని చలి మొదలవగానే హాల్లోకి తెచ్చి చంటిపిల్లని సాకినట్టు సాకుతుంది. "తుంచితేనే గుబురవుతుందే పిచ్చిదానా" అని అత్తయ్య ఇంకో కొమ్మ తుంచింది. పోపు పొగకి పొగ అలారం మోగితే మామయ్య అరుగు మీదికి పరిగెత్తాడు.

రొట్టె బాగా వచ్చింది. పెచ్చు కోసం ఈసారి వదినతో కాదు, వాళ్ల పిల్లాడితో పోటీ పడాల్సొచ్చింది. పానకం లేదే అని నేను నసుగుతుంటే అత్తయ్య ఫ్రిజ్ తలుపులో వెతికి మేపుల్ సిరప్ సీసా తీసి వాసన చూసింది. చెట్టు నుంచి కారే నీళ్లు సుమారు 40 లీటర్లు మరిగిస్తే ఒక లీటరు సిరప్ వస్తుందని చెప్పాను. "అయితే పానకమేగా, అదేదో వింత చెప్తావేం" అని రొట్టె మీద ధారాళంగా పోసుకుంది. నేను ఆవకాయతోనే సరిపెట్టుకున్నాను.

ఆదివారం బయల్దేరేముందు మామయ్య ఆ ఇనప గిన్నెని బాత్‌రూమ్ కాటా మీద పెట్టి తూస్తూ కనిపించాడు. పెట్టెకి 23 కిలోలు కదా, పడుతుందేమోనని. అత్తయ్య ఒప్పుకోలేదు.

"ఆ బరువెవడు మోస్తాడండీ? ఒరేయ్, నువ్వా చెట్టు పానకం రెండు సీసాలు కొనిపెట్టు. ఇంటికెళ్లాక నాన్‌స్టిక్ మూకుట్లో కాల్చుకుని తింటాం."