వపా బొమ్మల్లో నీళ్లు

అనకాపల్లి నుంచి శారద నది వంతెన దాటి కాస్త ముందుకెళితే కశింకోట. చిత్రకారుడు వడ్డాది పాపయ్య అక్కడ ఉండేవారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన ఆయన మనలో చాలామందికి ‘వపా’ అన్న రెండక్షరాల సంతకంగానే తెలుసు. చందమామ అట్టల మీదా, యువ పత్రిక పేజీల్లోనూ చూసిన సంతకం. ఆయన బొమ్మ గురించి ఎవరు మాట్లాడినా అమ్మాయి కళ్ల దగ్గర మొదలెట్టి నగల దగ్గర ఆగిపోతారు. వెనకున్న కొలనూ చెట్లూ చోటు నింపడానికి వేసినవనుకుంటారు కాబోలు. నా చూపు ముందు వాటి మీదకే పోతుంది.

నాయిక నోరు విప్పదు కదా, ఆమె మనసు మరొకరెవరో చెప్పాలి. ఇది మన చిత్రకారుల పాత పద్ధతే. పహాడీ బొమ్మల్లో అభిసారిక రాత్రివేళ ప్రియుడి కోసం బయల్దేరితే చుట్టూ చీకటి అడవి, మెరుపులు, కాళ్ల దగ్గర పాములు. ఆమె మొహంలో మాత్రం బెదురుండదు. భయమంతా చెట్లకి అప్పగించేశాడు గీసినవాడు. చందమామ కథల్లో అడవి పని వేరు. రాజుగారి ఆజ్ఞ చెల్లని చోటది, రాజకుమారుడు అక్కడ దారి తప్పితేగాని కథ కదలదు.

ఇక నీళ్ల విషయానికొస్తే, 12వ శతాబ్దపు చైనా చిత్రకారుడు మా యువాన్ పేరు మీద ఒక బొమ్మ ఉంది. చిన్న పడవ, గాలం వేసుకుని కూర్చున్న మనిషి, చుట్టూ నాలుగు అలల గీతలు. మిగిలిందంతా ఖాళీ, అదే నీరు. అంత ఖాళీ మనవాళ్లకి పడదు, తామరలు పరిచేస్తాం. అనకాపల్లి దగ్గరి కొండకర్ల ఆవ సరస్సు చూసినవాళ్లకి ఆ సరదా ఎందుకో తెలుస్తుంది. జోడు తాటిమొద్దులు తొలిచిన దోనె ఆకుల మధ్య నుంచి వెళ్తుంటే కలువాకు అంచు లేచి, అడుగున ఊదారంగు ఒక్క క్షణం కనబడి మళ్లీ నీటికి అతుక్కుంటుంది.

శారద సంగతి వేరు. వానలు వెనకబడితే నీటికన్నా ఇసకే ఎక్కువ. అలాంటి ఏటి పక్కన ఉంటూ వపా నిండు కొలనులు గీయడం అబద్ధమంటే నేనొప్పుకోను. అవి ఊరి నీళ్లు కావు, బొమ్మలో గట్టున కూర్చున్న పిల్లవి. కొట్లలో గోడ కేలండర్ల మీద ఉండే జలపాతాలకి ఎవరి మనసూ చెప్పే బాధ లేదు. అక్కడెవరూ కూర్చోరు, ఎవరి కోసమూ చూడరు. తేదీలు చూసుకోడానికి మాత్రం బాగానే పనికొస్తాయి.