ట్యాపెట్ కవర్ రంగు ఏ ఖాతాలో రాయాలి?

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ తగ్గింది. అంతకుముందు 28 శాతం పన్ను, దాని మీద 1 శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు అంతా కలిపి 18 శాతమే. అంటే షోరూంలో ఐదు లక్షలున్న బండి లెక్క ప్రకారం 42 వేలకు పైగా దిగాలి. ఆ దసరాకి జహీరాబాద్ చుట్టుపక్కల కారు ముచ్చట లేని ఇల్లు లేదేమో. మా బామ్మర్దికైతే పొద్దున లేస్తే అదే పాట: "బావా, ఇంకెన్నేండ్లు తోల్తవు ఆ డొక్కు బండి? ఇచ్చేసి కొత్తది తీస్కో."

నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. నాలుగు లక్షలు అప్పు, 9 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ సుమారు 8,300 రూపాయలు. ఐదేళ్లకు వడ్డీ ఒక్కటే 98 వేలు దాటుతుంది. పన్నులో మిగిలిందనుకున్న 42 వేలూ అందులో కలిసిపోగా ఇంకో 56 వేలు మన జేబులోంచి పోతాయి. డబ్బు చేతిలో పెట్టుకుని కొనేవాడికి ఈ పన్ను తగ్గింపు నిజంగా లాభమే. అప్పు చేసి కొనేవాడికి మాత్రం అది తొందరపడమని చెప్పే సాకు.

మాది 2013 మోడల్ చిన్న పెట్రోల్ బండి. దాని ఆర్‌సీ 2028 దాకా ఉంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పాసై రెన్యూవల్ చేయించుకుంటే ఇంకో ఐదేళ్లు. కారుకు ఆ రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, అంతకుముందు 600 ఉండేది. పెరిగింది బాగానే పెరిగింది. అయినా ఒక నెల కిస్తీ కంటే తక్కువే కదా!

అయినా బామ్మర్ది నోరు మూయించడానికైనా పాత బండికి ఎంతొస్తుందో కనుక్కోవాలి. పట్టణంలో పాత కార్లు కొని అమ్మే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సీట్లు చూడలేదు, టేపు రికార్డరు చూడలేదు. బానెట్ లేపి, ఇంజిన్ మీది ట్యాపెట్ కవర్ అంచు వెంట చూపుడు వేలు పోనిచ్చి, ఆ వేలు నా ముందు పెట్టాడు. నల్లటి జిడ్డు, దాని మీద మా ఊరి ఎర్ర దుమ్ము. "లీకేజీ ఉన్నది సార్. పదిహేను వేలు తక్కువ చేస్కోవాలె" అన్నాడు.

ఆ జిడ్డు ఎక్కడిదో తెలియని వారికి నాలుగు ముక్కలు చెప్పాలి. ఇంజిన్ తల మీద వాల్వులు, క్యామ్ షాఫ్టు నూనెలో తడుస్తూ ఆడుతుంటాయి. వాటి మీద మూత పెట్టి బోల్టులు బిగిస్తారు. అదే ట్యాపెట్ కవర్. మూతకీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు ప్యాకింగ్ ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడి, పెళుసుబారి, నూనెను ఆపలేక వదిలేస్తుంది. కారిన నూనె వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే మాడు వాసన వస్తుంది. కొన్ని బండ్లలో ప్లగ్గుల గుంటల్లోకి దిగి ఇంజిన్ మిస్ కొడుతుంది. కొత్త కార్లలో పైన నల్లగా, కంపెనీ పేరుతో కనిపించే ప్లాస్టిక్ మూత వేరు, అది అందానికీ కాస్త చప్పుడు తగ్గడానికీ. మా బండిలో ఆ ముసుగు లేదు, అల్యూమినియం ట్యాపెట్ కవరే నేరుగా కనిపిస్తుంది. ఒకప్పుడు వెండిరంగు. ఆ రోజు చూస్తే చాయ్ గిన్నె అడుగులా ఉంది.

మాది చిరాగ్‌పల్లి. 65వ నంబరు జాతీయ రహదారి మీద తెలంగాణ అంచున ఉంటాం, దాటితే కర్ణాటక. లీటరు పెట్రోలుకు నాలుగైదు రూపాయలు తేడా ఉంటుంది కాబట్టి అటు పని పడినప్పుడల్లా ట్యాంకు నింపుకు రావడం ఇక్కడి వాళ్లకు పుట్టుకతో వచ్చిన అర్థశాస్త్రం. (పెట్రోలు కోసమే బండి తీసుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. వాళ్ల లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.) బీదర్‌లో కేఏ-38 నంబరు బండి చవగ్గా దొరుకుతుందని కూడా బామ్మర్ది ఆశ పెట్టాడు. అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, ఆఫీసుల చుట్టూ తిరుగుడు కలిపి చూస్తే ఆ చవకలో చాలా భాగం పోతుంది.

సరిహద్దు ఊరు కావడం వల్ల మెకానిక్కులకు మాత్రం కరువు లేదు. 2017 జూలైలో జీఎస్టీతో పాటు వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2025 అక్టోబరులో రవాణా శాఖ చెక్‌పోస్టులనూ రాష్ట్రమంతటా ఎత్తేశారు. ఆగే లారీలు తగ్గినా వాటిని నమ్ముకుని నేర్చుకున్న పనితనం ఈ దారిలో మిగిలింది. నాకు తెలిసిన ఒక పెద్దాయన షెడ్డుకి వెళ్లి, "చాచా, ఈ కవర్‌కి రంగు కూడా వేయిద్దామా?" అన్నాను. ఆయన నవ్వాడు. "రంగు జూసి ఎవడు పైసలిస్తడు సార్? ప్యాకింగ్ మార్చున్రి. నూనె కారుడు బంద్ అయితది, అంతే." ప్యాకింగ్ 380, కూలి 500 అన్నాడు. హైదరాబాద్‌లో ఒక చోట ఫోన్ చేసి అడిగితే ఇంజిన్ కడిగి, కవర్‌కి రంగు వేయడానికి 4,500 చెప్పారు. కొత్త కవరే కొంటే మూడు వేల పైమాట.

నేను ఇంట్లోనే చేయాలనుకున్నాను. పానలు, బాక్సు సెట్టు ఇంట్లో ఉన్నాయి, ఆదివారాలూ ఉన్నాయి. పైగా మా వీధిలో ఒక తమ్ముడు మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పెయింట్ షాపులో చేస్తాడు. జహీరాబాద్‌కి బండ్ల తయారీ కొత్తేం కాదు. 1980లలోనే ఇక్కడ ఆల్విన్ నిస్సాన్ చిన్న ట్రక్కులు తయారయ్యేవి, ఆ తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది, 2013లో ట్రాక్టర్ల ప్లాంటు మొదలైంది. రంగు గురించి అడిగితే సమాధానం చెప్పే మనిషి ఏదో ఒక వీధిలో దొరుకుతాడు. ఆ తమ్ముడు చెప్పింది ఒకటే: "అన్నా, రంగు ఏసుడు అల్కటి పని. కడుగుడే అసలు పని."

నిజమే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, ప్లగ్గుల మీది కనెక్షన్లకు టేపు ముక్కల మీద ఒకటి, రెండు, మూడు అని రాసి అంటించాను. బోల్టులు ఊడినా మూత ఊడదు, పాత ప్యాకింగ్ పట్టేసి ఉంటుంది. అక్కడ స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే అల్యూమినియం అంచు గీసుకుపోతుంది, ఆ గీతలోంచే మళ్లీ నూనె కారుతుంది. చెక్క ముక్క ఆనించి పక్కల నుంచి మెల్లగా తట్టాలి. మూత తీయగానే తెరిచిన ఇంజిన్ మీద శుభ్రమైన గుడ్డ కప్పాలి. హైవే పక్కన ఎర్రమట్టి నేలలో ఇది మరీ ముఖ్యం.

కవర్‌ని పళ్లెంలో పెట్టి డీజిల్ పోసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. లోపలి వైపు గొట్టం దారిలో గడ్డకట్టిన తారులాంటి మడ్డి ఉంది. ఇంజిన్ ఊపిరి వదిలే దారి అది. మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, కొత్త ప్యాకింగ్‌ని కూడా నూనె తోసుకుని వస్తుంది. రంగు సంగతి పక్కన పెట్టినా, ఈ పని చేసినందుకు ఆ ఆదివారం దండగ కాలేదు. తర్వాత సబ్బు పొడి, వేడినీళ్లు. బాత్రూం కడిగే కాస్టిక్ సోడా వాడమని ఎవరైనా చెబితే వినకండి, అది అల్యూమినియంని తినేస్తుంది. పెట్రోలు అసలే వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆరాక ఎమరీ పేపరు, మొదట గరుకు, తర్వాత సన్నం. లేచిపోయిన పాత రంగంతా పోవాలి. ప్యాకింగ్ కూర్చునే అంచుకి, బోల్టు రంధ్రాలకి మాస్కింగ్ టేపు. థిన్నర్‌తో తుడిచాక చెయ్యి తగలకూడదు, వేలి జిడ్డున్న చోట రంగు పట్టదు. మామూలు ప్రైమర్ అల్యూమినియం మీద నిలవదు, ఆ లోహానికి పట్టే ఎచ్ ప్రైమర్ అని అడిగి తెచ్చుకోవాలి. దాని మీద వేడికి తట్టుకునే వెండిరంగు స్ప్రే, పలచగా, పొర ఆరాక పొర. ఒకేసారి మందంగా కొడితే కారిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు బోల్టులు మధ్య నుంచి బయటికి, అటొకటి ఇటొకటి, చేతి బలం చూపించకుండా తిప్పాలి. అల్యూమినియంలో మర పోయిందంటే లేత్ షాపుకి పోవాల్సిందే, మిగిలిందనుకున్న డబ్బంతా అక్కడే.

ఇప్పుడు లెక్క. ప్యాకింగ్ 380, మూలలకు పూసే సిలికాన్ 150, కలిపి 530. స్ప్రే డబ్బా 350, ప్రైమర్ 320, థిన్నర్ 120, ఎమరీ పేపర్లు, టేపు 130, ఈ రంగు సామాను 920. మొత్తం 1,450. చాచాకి ఇవ్వాల్సిన 500 కూలి మిగిలింది. రంగుకు 920 పోయింది. అంటే సొంతంగా చేసి ఆదా చేశానని నలుగురిలో చెప్పుకోవడానికి వీల్లేదు. షెడ్డులో ప్యాకింగ్ మార్పించి ఊరుకుంటే 880తో పని అయిపోయేది.

నా పుస్తకంలో బండి ఖర్చులకు మూడు ఖాతాలున్నాయి: నడక, మరమ్మతు, సరదా. పెట్రోలు, ఇన్సూరెన్సు నడకలోకి పోతాయి. మరమ్మతు కోసం పోస్టాఫీసులో నెలకు 1,500 చొప్పున ఆర్‌డీ నడుస్తోంది, వడ్డీ 6.7 శాతం. బండి అడగకముందే దాని డబ్బు పక్కన ఉంటే, క్లచ్చు పోయినా టైర్లు అరిగినా చేబదులు వెతుక్కోవాల్సిన పని ఉండదు. 530 మరమ్మతులో రాశాను. 920 దగ్గర పెన్ను ఆగింది. మా ఆవిడ పుస్తకంలోకి తొంగి చూసి, "ఇంటి గేటు తుప్పు పట్టి కూసున్నది. అందరికీ కనబడే గేటుకు లేని రంగు, బానెట్ కింద ఎవరికి చూపెట్టనీకి?" అంది. సరదా కింద రాశాను. నా సరదా కోటా నెలకు వెయ్యి, ఆ నెలకి అదే సరి.

కొందరు ఇలాంటి ఖర్చును పెట్టుబడి అంటారు, రీసేల్‌లో తిరిగొస్తుందని. ఆ పాత కార్ల ఆయనకే మళ్లీ చూపించాను. ఆయన వేలు ఈసారి అంచు మీద కాక బోల్టు తలల మీదికి పోయింది. "ఇంజిన్ ఖోలిండ్రా సార్?" అన్నాడు. మెరిసే ఇంజిన్ చూస్తే కొనేవాడికి ముందు అనుమానమే పుడుతుంది, ఏదో పెద్ద రిపేరు దాచారని. ప్యాకింగ్ బిల్లు, పని జరుగుతున్నప్పుడు ఫోన్లో తీసిన ఫొటోలు చూపించాక, పదిహేను వేల కోత మాట మళ్లీ ఎత్తలేదు. రంగుకు మాత్రం ఒక్క రూపాయి కలపలేదు. పొడిగా ఉన్న అంచుకే విలువ కట్టాడు.

ప్లాస్టిక్ కవర్ ఉన్నవాళ్లకు ఒక మాట. చిన్న గుద్దుకి అది పగిలితే ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోవద్దు. జీరో డిప్రిసియేషన్ తీసుకోని పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగం కోస్తారు. 1500 సీసీ లోపు కారుకు పైగా వెయ్యి రూపాయలు తప్పనిసరిగా మనమే భరించాలి. రెండు వేల కవర్‌కి క్లెయిమ్ వేస్తే చేతికొచ్చేది సున్నా. దానికి తోడు నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అయిదేళ్లు వరుసగా క్లెయిమ్ లేకపోతే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గించే బోనస్ అది. ఇక అరిగిపోయిన ప్యాకింగ్, కారే నూనె లాంటివి మామూలు పాలసీ కిందికి రావు. బండి వారంటీలో ఉంటే మటుకు సొంతంగా ఏ మూతా తెరవకండి.

ఈ ఏడాదిలో బండి అమ్మే ఆలోచన ఉంటే ప్యాకింగ్ మార్పించండి, రంగు జోలికి పోవద్దు, బిల్లు డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. ఇంకో నాలుగైదేళ్లు ఉంచుకునేవాళ్లయితే రంగు వేసుకోండి, సరదా ఖాతాలో డబ్బుంటేనే.