మామ్మగారి నలభై సెంట్లు

ఈ వారం వాక్యధ్యానం బదులు మా ఇద్దరికీ, అంటే సేవకులమైన నాకూ అమ్మగారికీ, ఎదురైన ఒక శోధన సంగతి రాస్తున్నాము.

మా సంఘంలో ఒక మామ్మగారున్నారు. విధవరాలు. ఏళ్ల తరబడి మందిరం ఊడ్చేది ఆమే. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక సంచిలోంచి పాసుపుస్తకం తీసి మా ముందు పెట్టారు. "అయ్యగారూ, నా నలభై సెంట్లూ మీ పేర వీలునామా రాసేస్తాను. నా కూతురు పోయిన క్రిస్మస్‌కి కూడా రాలేదు. దానికి చిల్లిగవ్వ ఇవ్వను" అన్నారు.

మేము "దేవునికి స్తోత్రం" అన్నాం. అనకూడదు, కానీ అన్నాం. వానొస్తే మా మందిరం రేకులు ఆరు చోట్ల కారతాయి. ఆ రాత్రి అన్నాల దగ్గర, ఆ పొలం అమ్మితే స్లాబు ఎంతవరకు వస్తుందో లెక్కలేసుకున్నాం. మాటల్లోనే బోరు కూడా వేయించేశాం. మామ్మగారు ఇంకా బతికే ఉన్నారన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

తెల్లవారి కుటుంబ ప్రార్థనలో మార్కు సువార్త 7వ అధ్యాయం. వరసలో వచ్చింది, మేము ఎంచుకున్నది కాదు. కొర్బాను అన్న మాట దగ్గర ఆగిపోయాం. దేవునికి అర్పితమని చెప్పి కన్నవారికి చేయవలసింది ఎగ్గొట్టేవాళ్లను ప్రభువు అక్కడ గద్దించారు. అక్కడ బిడ్డలు తల్లిదండ్రులకు ఎగ్గొట్టారు, ఇక్కడ తల్లి బిడ్డకు. అమ్మగారు బైబిలు మూసి, "మన పేర ఎందుకండీ?" అన్నారు. జవాబు లేకపోయింది.

వెళ్లి మామ్మగారితో చెప్పాం: కోపంలో రాయొద్దు, ముందు అమ్మాయికి ఫోన్ చేయండి, మా పేర అసలే వద్దు. ఆమెకు ఎంత కోపం వచ్చిందంటే రెండు ఆదివారాలు మందిరానికి రాలేదు. మూడో వారం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. క్రిస్మస్‌కు రాలేకపోయింది ఆపరేషన్ అయినందుకట. తల్లి కంగారు పడుతుందని చెప్పలేదట.

తర్వాత దస్తావేజు లేఖరి దగ్గరికి అందరం వెళ్లాం. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదని, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించుకుంటే మేలని, బతికుండగా ఎప్పుడైనా మార్చుకోవచ్చని చెప్పారాయన. ఇంకో సంగతీ చెప్పారు. 1925 నాటి వారసత్వ చట్టం 118వ సెక్షన్ ప్రకారం, దగ్గరి బంధువులున్న క్రైస్తవులు మతపరమైన, ధర్మకార్యాలకు ఆస్తి రాస్తే, చనిపోవడానికి కనీసం పన్నెండు నెలల ముందు రాసి ఉండాలి. కేరళకు చెందిన జాన్ వల్లమట్టం అనే ఫాదరు వేసిన కేసులో 2003లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. కొట్టేయడం న్యాయమే. అయినా మంచం పక్కన పాస్టరు కూర్చుని రాయించుకుంటాడేమోనన్న ఆ పాత అనుమానం మా విషయంలో ఒక రాత్రిపాటు నిజమేనని ఒప్పుకుంటున్నాం.

ముప్పై సెంట్లూ ఇల్లూ కూతురికి. పది సెంట్లు సంఘానికి, రిజిస్టరు సొసైటీ పేర. సాక్షులుగా ఒక రిటైర్డ్ మాస్టారు, పక్కింటాయన సంతకాలు చేశారు. మేము బయట బల్ల మీద కూర్చున్నాం.

ఆ పది సెంట్లలో మామ్మగారు ఈ ఏడు మినుములు చల్లారు. మందిరంలో బకెట్లు ఇంకా పెడుతూనే ఉన్నాం. వాటిని పారబోసేదీ ఆమే.